నేర్పినోడు ఇంటికి.. నేర్చుకునేటోడు వెట్టికి!

ఒకే రోజు, ఒకే ఆఫీసు, రెండు మెయిళ్లు. పొద్దున పదింటికి వచ్చిన మెయిల్‌లో కొత్తగా వస్తున్న ఇంటర్న్‌లకు స్వాగతం పలికారు. కింది అంతస్తులో బెలూన్లు కట్టారు, కేకు కోశారు, పిల్లలకు తలా ఒక సంచి, ఒక టీషర్టు పంచారు. మధ్యాహ్నం మూడింటికి ఇంకో మెయిల్ వచ్చింది. అది అందరికీ రాలేదు. వచ్చినవాళ్లను ఒక్కొక్కరిగా చిన్న గదిలోకి పిలిచారు. ఇరవై నిమిషాల్లో ల్యాప్‌టాప్ తీసుకున్నారు, మెడలో ఉన్న ఐడీ కార్డు తీసుకున్నారు. ఇష్టపూర్వకంగానే రాజీనామా చేస్తున్నానని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పన్నెండేళ్లు పనిచేసిన మనిషి సాయంత్రానికి గేటు బయట చాయ్ బండి కాడ నిలబడ్డాడు. అక్కడే మాకు కలిశాడు. నల్లగొండ జిల్లా పల్లెటూరి మనిషి.

"కేకు నేను కూడ తిన్న" అన్నాడు. "పోయినేడు వచ్చిన బ్యాచ్‌కు ఆర్నెల్లు నేనే పని నేర్పిన. ఇయ్యాల నా పనంత ఆ పోరగాండ్ల చేతిలున్నది. తప్పు వాళ్లది గాదన్నా. మరి నాదా?"

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదామనే ఈ వ్యాసం. కంపెనీ పేరు రాయం. రాస్తే ఆయనకు రావాల్సిన నాలుగు రూపాయలూ ఆగుతాయి. పైగా ఇది ఒక్క కంపెనీ ముచ్చట కాదు. మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఏ చాయ్ బండి కాడ నిలబడినా ఇదే కథ కొద్ది మార్పులతో వినపడుతుంది.

ఒక చేత్తో కోత, ఇంకో చేత్తో కోలాటం

2022 నవంబర్‌లో ట్విట్టర్ తన ఉద్యోగుల్లో దాదాపు సగం మందిని పంపించింది. అదే నెలలో మెటా 11 వేల మందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు, అమెజాన్ 18 వేలు అని లెక్కలు చెప్పాయి. అమెరికాలో ఉన్న మన పిల్లలకైతే ఉద్యోగం పోవడమంటే ఇల్లు పోవడమే. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు 60 రోజుల్లో ఇంకో కొలువు వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. కరీంనగర్‌లో, ఖమ్మంలో కొడుకు ఫోన్ కోసం రాత్రంతా మేల్కొన్న తల్లిదండ్రులు ఎందరో. 2025 జూలైలో ఆ గాలి దేశంలోకీ వచ్చింది. టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటానని ప్రకటించింది. మధ్య, పై స్థాయిల్లో ఉన్నవాళ్లకే ఎక్కువ దెబ్బ అని కూడా చెప్పింది.

ఇట్లా కోతలు పెట్టిన కంపెనీల్లో కొన్ని ఇంటర్న్‌ల సంఖ్య తగ్గించుకున్నాయి. కానీ ఆ తలుపు పూర్తిగా మూసినవి తక్కువ. ఒక చేత్తో అనుభవం ఉన్నవాళ్లను బయటికి తోస్తూ ఇంకో చేత్తో కాలేజీ పిల్లలను లోపలికి పిలుస్తున్నారు. దీని మీద ఉద్యోగులు ఏమనుకుంటున్నారు? కంపెనీ పత్రికల్లో నవ్వుతున్న ఫొటోలే ఉంటాయి తప్ప వాళ్ల మాట ఉండదు. అందుకే మేము వాళ్లతోనే మాట్లాడాం. పేర్లు రాయవద్దని అందరూ చేతులు పట్టుకున్నారు. బహిరంగ సభలో మైకు పట్టుకుని ముఖ్యమంత్రినే నిలదీసిన చరిత్ర ఉన్న ఈ గడ్డ మీద, చదువుకున్న ఉద్యోగి తన మేనేజర్ పేరు పలకడానికి భయపడుతున్నాడు. ఆ భయమే సగం కథ చెబుతుంది.

నాలుగు గొంతులు

మొదటి గొంతు సీనియర్లది. వీళ్ల కడుపుమంట అంతా ఇంతా కాదు. "నాకు జీతం పెంచడానికి పైసల్లేవన్నరు. పదిమంది ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇయ్యనీకె ఎక్కడివి?" అని ఒకాయన అడిగాడు. ఇంకో అక్క మాట ఇంకా సూటిగా ఉంది. "పని నేర్పుమని చెప్పిండ్రు గని, నా జాగాలకే వస్తుండ్రని చెప్పలే. తెలిస్తే నేర్పకపోదును అనుకోకుండ్రి. కని నాకు జెప్పాలె గదా. కనీసం ఇంకోకాడ నౌకరీ దేవులాడుకుందును" అంది. ఆమె అడిగింది ఉద్యోగం కాదు, నిజం. అదీ దొరకలేదు.

రెండో గొంతు సీనియర్లదే, కానీ వేరే తీరు. ఇంటర్న్‌లను ఆపాలన్న మాట వీళ్లకు నచ్చదు. "మేమూ ఒకనాడు ట్రైనీలమే. 2009ల ఆఫర్ లెటర్ చేతిల పట్టుకుని ఏడాది ఇంట్ల కూసున్న. ఊరంత ఏమాయె ఏమాయె అని అడుగుతుంటే మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వకపాయె. ఆ శిక్ష ఈ పిల్లలకు వద్దు" అని వరంగల్ అన్న ఒకాయన చెప్పాడు. మాంద్యం వచ్చినప్పుడల్లా కొత్తవాళ్లను ఆపితే ఒక బ్యాచ్ మొత్తం గాలిలో వేలాడుతుంది. ఏడాది ఖాళీ ఉన్నదని తర్వాత వచ్చిన కంపెనీ కూడా వేలు చూపుతుంది. కాబట్టి ఈ వాదనను మేము తేలిగ్గా తీసుకోం.

మూడో గొంతు ఒక మేనేజర్ది. కంపెనీ మాట కూడా వినాలి కాబట్టి విన్నాం. ఇంటర్న్‌ల ఎంపిక కాలేజీలతో ఏడాది ముందే కుదిరిపోతుందని, దాని బడ్జెట్ వేరే పద్దు అని, ఇప్పుడు మాట తప్పితే వచ్చే ఏడు ఆ కాలేజీ గేటు కూడా తీయదని ఆయన చెప్పాడు. పాత సాంకేతికత మీద పనిచేసేవాళ్లు ఎక్కువయ్యారని, కొత్తది తెలిసినవాళ్లు కావాలని కూడా అన్నాడు. సరే, బడ్జెట్ వేరే పద్దే కావచ్చు. కానీ పని వేరే కాదు కదా? పద్దులు రెండయినంత మాత్రాన పోయినోడి పని ఇంటర్న్ మీద పడకుండా ఉందా? కొత్తది తెలిసినవాళ్లు కావాలంటే, ఏమీ తెలియని పిల్లలకు ఆరు నెలలు నేర్పగలిగిన కంపెనీ, పన్నెండేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఆరు నెలలు ఎందుకు నేర్పలేదు? ఈ ప్రశ్న అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడు. కాసేపటికి, "నా నౌకరీ ఎన్ని రోజులో నాకే తెల్వదు" అన్నాడు.

నాలుగో గొంతు ఎవరూ అడగనిది. అది ఇంటర్న్‌ది. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చిన ఒక చెల్లె మాతో ఇట్లా అన్నది: "నా పక్క సీటు సార్ రాలేదు. ఏమైందని అడిగితే ఎవ్వరు జెప్పలే. నాకు ఆయన ఫైళ్లు ఇచ్చిండ్రు. నేను ఆయన నౌకరీ తీసిన్నా అన్నట్టు అందరు నా దిక్కు సూస్తరు. నాకైతే ఆ నౌకరీ గూడ రాలే." ఆరు నెలల తర్వాత ఆమెకు ఉద్యోగం ఇస్తారా? తెలియదు. కాగితం మీద ఏమైనా రాసిచ్చారా? లేదు. రాత్రి తొమ్మిదింటి దాకా ఎందుకు కూర్చుంటున్నావంటే, "కూసుంటే ఇస్తరేమో" అన్నది. ఆ 'ఏమో' మీద ఒక తరం బతుకుతున్నది.

లెక్కలో లేని మనుషులు

ఈ నాలుగు గొంతులూ విన్నాక మాకు అర్థమైంది ఏమంటే, ఇది పాతవాడికీ కొత్తవాడికీ మధ్య కొట్లాట కాదు. కొట్లాటలా కనిపించేటట్టు చేసింది ఒక ఏర్పాటు. ఇంటర్న్ అగ్గువకు దొరుకుతాడన్నది అందులో ఒక ముక్క మాత్రమే. అసలు సంగతి, ఇంటర్న్ లెక్కలోకి రాడు.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చూడండి. అందులో కార్మికుడు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అప్రెంటిస్ కూడా ఉన్నాడు. 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. అప్రెంటిస్ అంటే శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాదని, కార్మిక చట్టాలు అతనికి వర్తించవని అది చెప్పింది. ఇక 2020లో పార్లమెంటు చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ చట్టం కిందికి వచ్చే అప్రెంటిస్‌ను కార్మికుడి నిర్వచనం నుంచే తీసి పక్కన పెట్టింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అప్రెంటిస్‌కైనా ఒక చట్టం ఉంది, కనీస స్టైపెండ్ అన్న మాట ఉంది. ఇంటర్న్‌కు అదీ లేదు. ఆ పేరుకు ఈ చట్టాల్లో నిర్వచనమే లేదు.

ఇప్పుడు రెండో కొస పట్టుకుందాం. పాత చట్టంలో తొలగింపుకు ఒక పద్ధతి ఉండేది. ఏడాది సర్వీసు నిండినవాడికి నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం. చివర వచ్చినవాడు ముందు పోవాలి అన్న నియమం. తిరిగి మనుషులను తీసుకునేటప్పుడు తొలగించినవాళ్లకే మొదటి అవకాశం. కొత్త కోడ్‌లో కూడా ఈ మాటలు ఉన్నాయి, కాకపోతే తిరిగి తీసుకునే హక్కుకు ఏడాది గడువు పెట్టారు. ఫ్యాక్టరీలు, గనుల్లో తొలగింపుకు ప్రభుత్వ అనుమతి కావాలన్న షరతు ఒకప్పుడు వంద మంది పనిచేసే చోట ఉంటే, దాన్ని 300 మందికి జరిపారు.

కాగితం మీద ఇవి బాగానే కనిపిస్తాయి. కానీ ఇవి కార్మికుడు అన్నవాడికే. మేనేజర్‌కు లేవు. నెలకు 18 వేలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్‌కు లేవు. నలుగురు పిల్లలకు పని చెప్పే మనిషికి టీమ్ లీడ్ అని పేరు పెడితే, నువ్వు కార్మికుడివి కాదు పో అని వాదించడానికి కంపెనీకి ఆ పేరు చాలు. ఆ పేరు వచ్చిన రోజు మన నల్లగొండ అన్న ఊర్లో మిఠాయి పంచాడట. ఆ పేరే తన మెడకు చుట్టుకుంటుందని అప్పుడు ఎరుకలేదు.

అంటే బయటికి పోయినోడు కార్మికుడు కాదు. లోపలికి వచ్చినోడు ఉద్యోగి కాదు. కాబట్టి చట్టం కళ్లకు అక్కడ ఎవరూ పోలేదు, ఎవరూ రాలేదు! చివర వచ్చినోడు ముందు పోవాలన్న నియమం ఎవరి మీద పెడతారు? తొలగించినవాడికే మొదటి అవకాశం అని ఎవరిని అడుగుతారు? మేము ఉద్యోగంలోకి ఎవరినీ తీసుకోలేదు, శిక్షణ ఇస్తున్నామంతే అంటారు. శిక్షణ అన్న పవిత్రమైన మాట వెనుక ఇంత తెలివి దాగి ఉంది.

శిక్షణలో ఉన్నోడిని పంపిస్తే అది తొలగింపు కిందికి కూడా రాదు. 2025 ఫిబ్రవరిలో మైసూరు ఇన్ఫోసిస్ క్యాంపస్ నుంచి 300 మందికి పైగా ట్రైనీలను అంతర్గత పరీక్షలో తప్పారని పంపించారు. వాళ్లలో చాలామంది 2022లో చదువు పూర్తిచేసి, ఆఫర్ లెటర్ పట్టుకుని రెండేళ్లకు పైగా ఎదురుచూసినవాళ్లు. పరీక్షకు మూడు అవకాశాలు ఇచ్చామని, ఈ షరతు ఒప్పందంలోనే ఉందని కంపెనీ చెప్పింది. కేంద్ర కార్మిక శాఖ విచారించమని కర్ణాటకకు రాసింది. వాళ్లు ట్రైనీలే కాబట్టి దీన్ని లేఆఫ్ అనలేమని అక్కడి అధికారులు అన్నట్టు పత్రికల్లో వచ్చింది. రెండేళ్లు ఎదురుచూసి, నాలుగు నెలలు చదివి, సాయంత్రానికి గది ఖాళీ చేసిన పిల్లల కన్నీళ్లకు చట్టంలో పేరే లేదు!

ఉస్తాదు దగ్గర నేర్చుకున్నట్టు

పని నేర్చుకోవడం మనకు కొత్త కాదు. సుతారి పనైనా, వడ్రంగమైనా, సాంచా మీద బట్ట నేయడమైనా పెద్దల కింద నేర్చుకున్నదే. హైదరాబాద్ మెకానిక్ షెడ్డులో ఉస్తాదు కింద పానాలు అందిస్తూ అందిస్తూ పోరగాడు ఇంజన్ విప్పడం నేర్చుకుంటాడు. అక్కడా దోపిడీ ఉంది, తిట్లు ఉన్నాయి, చెంపదెబ్బలు ఉన్నాయి. దాన్ని మేము బంగారు కాలం అనం. కానీ పోరగాడికి పని వచ్చిందని ఉస్తాదును షెడ్డు నుంచి వెళ్లగొట్టిన సేటును మేము చూడలేదు. నేర్పడం వల్ల నేర్పినోడి విలువ పెరిగేది. ఇవ్వాళ హైటెక్ సిటీలో నేర్పడం అంటే తన గొయ్యి తాను తవ్వుకోవడం. అట్లాంటప్పుడు ఎవడు మనసుపెట్టి నేర్పుతాడు? సగం చెప్పి సగం దాచుకుంటాడు. నష్టం పిల్లలకే. కంపెనీకి కూడా నష్టమే, కాకపోతే అది వచ్చే ఏటి లెక్కల్లో తేలుతుంది.

సింగరేణి సంగతి చూడండి. బొగ్గు పొడి పీల్చి ఊపిరితిత్తులు పాడైన తండ్రి అన్‌ఫిట్ అయితే, ఆ ఇంటి బిడ్డకు కొలువు ఇవ్వాలని కార్మికులు కొట్లాడి సాధించుకున్నారు. దాని చుట్టూ దళారులు చేరారు, కోర్టు కేసులు నడిచాయి, అవన్నీ నిజమే. అయినా అందులో ఒక న్యాయం ఉంది. పెద్దమనిషి దిగిపోతే చిన్నవాడికి దక్కేది పూర్తి కొలువు. తండ్రి జీతంలో నాలుగో వంతు ఇచ్చి, శిక్షణ అని పేరు పెట్టి, ఆరు నెలలకు పొమ్మంటే గోదావరిఖనిలో గని గేటు తెరుచుకునేదా? సంఘం ఉన్నచోట ఒక న్యాయం, లేనిచోట ఇంకో న్యాయం. బాయి కింద చెమటోడ్చిన కార్మికుడు నిలబెట్టుకున్నదాన్ని ఏసీ గదిలో డిగ్రీ ఉన్నోడు నిలబెట్టుకోలేకపోయాడు.

ఐదు వేల స్వర్గం

కేంద్ర ప్రభుత్వం ఈ ఇంటర్న్‌షిప్‌నే నిరుద్యోగానికి మందు అని చెప్పింది. 2024 జూలై బడ్జెట్‌లో ఐదేళ్లలో కోటి మందికి 500 పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామన్నారు. 21 నుంచి 24 ఏళ్ల లోపు యువతకు ఏడాది పాటు నెలకు 5 వేలు, మొదట్లో ఒకసారి 6 వేలు అని ప్రకటించారు. ఆ 5 వేలలో 4,500 సర్కారు ఖజానా నుంచి, 500 కంపెనీ సామాజిక బాధ్యత నిధి నుంచి. అంటే పని కంపెనీది, జీతం జనానిది!

పిల్లలు ఏం చేశారు? మొదటి విడతలో లక్షా 27 వేల అవకాశాలు చూపిస్తే, చివరికి చేరినవాళ్లు దాదాపు 8,700 మంది అని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. ఊరు విడిచి పట్నంలో ఏడాది బతకడానికి 5 వేలు సరిపోతాయా? అమీర్‌పేటలో హాస్టల్ బిల్లు కట్టిన ఏ పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు. సోమరులై రాలేదని అనకండి. లెక్క తెలిసి రాలేదు.

రానివాళ్ల పరిస్థితి అది. మరి గతిలేక ఇంకో దారి పట్టినవాళ్లో? ఇక్కడ మాదాపూర్‌లో డబ్బు కట్టించుకుని శిక్షణ ఇస్తామని, తర్వాత కొలువు గ్యారంటీ అని చెప్పి, మూడు నెలలకు బోర్డు తిప్పేసిన దుకాణాలు ఎన్ని చూడలేదు! ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక కాలేజీలో సర్టిఫికెట్ ఆగి, భూమి కుదవపెట్టి తెచ్చిన పైసలు కన్సల్టెన్సీలో మునిగిన పిల్లలు పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చున్నారు. ఇంటర్న్‌షిప్ అన్న మాటకు ఇంత ఆకలి ఉన్నచోట మోసానికి కొరత ఉండదు.

మన పోరాటం గేటు కాడ ఆగింది

ఇప్పుడు మనల్ని మనమే అడగాల్సిన మాట ఒకటుంది. తెలంగాణ ఉద్యమం మొదటి నుంచీ కొలువుల ఉద్యమం. ముల్కీ నిబంధనల ఉల్లంఘన మీదనే 1969 అగ్గి రాజుకుంది. పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో స్థానికులకు జరిగిన అన్యాయం దానికి నిప్పురవ్వ అయింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30న 610 జీవో, 2001లో గిర్‌గ్లానీ కమిషన్. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం నినదించినప్పుడు 'నియామకాలు' అంటే మన కళ్ల ముందు ఉన్నది సర్కారు కుర్చీయే. అది తప్పు కాదు. దోపిడీ అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపించేది.

అయితే 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ నగరంలో కొలువుల బరువు మెల్లమెల్లగా పడమర దిక్కుకు జరిగింది. 610 జీవో ఆ గేటు దాటి లోపలికి పోలేదు, పోలేదు కూడా. రాష్ట్రపతి ఉత్తర్వులకు అక్కడ పనిలేదు. ఆ అద్దాల మేడలు లేచిన గుట్టలు, పొలాలు మనవి. వాటికి రాయితీ ధరలకు భూములు, పన్నుల్లో మినహాయింపులు, కరెంటులో తగ్గింపులు ఇచ్చింది మన ఖజానా. పనిగంటల నిబంధనల నుంచి ఐటీ కంపెనీలకు మినహాయింపులు ఉమ్మడి రాష్ట్రంలోనూ ఇచ్చారు, 2014 జూన్ 2 తర్వాత మన రాష్ట్రంలోనూ పొడిగించారు. జెండా మారింది, జీవో మారలేదు! సకల జనుల సమ్మెలో 42 రోజులు రోడ్డు మీద ఉన్న మేము, రాష్ట్రం వస్తే కొలువులు వాటంతటవే వస్తాయని నమ్మిన మేము, ఈ సంగతి ఆలస్యంగా గుర్తించామని ఒప్పుకుంటున్నాం.

స్థానికులకే 75 శాతం అని చట్టం చేస్తే అయిపోతుందని కొందరు మిత్రులు అంటారు. 2019లో ఆంధ్రప్రదేశ్ అట్లాంటి చట్టం చేసింది. హర్యానా చేసిన చట్టాన్ని 2023 నవంబర్‌లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఆ దారి కోర్టు మెట్ల మీద ఆగుతున్నది. పైగా ఇంటర్న్ కూడా స్థానికుడే, పోయినోడూ స్థానికుడే అయినప్పుడు ఆ చట్టం ఎవరిని కాపాడుతుంది? మన పిల్లవాడితోనే మన పిల్లవాడి కుర్చీ లాగిస్తున్నారు. కొట్లాట ఈసారి స్థానికతది మాత్రమే కాదు, పని విలువది.

మేము అడిగేది

ఇంటర్న్‌షిప్‌లు ఆపమని మేము అనడం లేదు. మా ఊరి పిల్ల మొదటిసారి ఆ గేటు లోపలికి పోయే దారిని మేమే మూయం. అడిగేది ఇది.

ఒకటి. ఉద్యోగులను తొలగించిన కంపెనీ, ఆ తర్వాత ఏడాది పాటు ఆ పనిలో ఇంటర్న్‌ను కూర్చోబెట్టవద్దు. ఆ పనికి మనిషి కావాలంటే తీసేసినవాణ్ని ముందు పిలవాలి.

రెండు. ఎంతమందిని తీసేశారు, ఎంతమంది ఇంటర్న్‌లను తీసుకున్నారు, అందులో ఎంతమందికి కొలువు ఇచ్చారు అన్న లెక్కలు కంపెనీ ఏటా కార్మిక శాఖకు ఇవ్వాలి. ఆ లెక్కలు జనం చూసేటట్టు పెట్టాలి. ప్రభుత్వ భూమి, రాయితీ తీసుకున్నవాళ్లకు లెక్క చెప్పే బాధ్యత ఉంటుంది.

మూడు. ఇంటర్న్ అంటే ఎవరో రాష్ట్రం చెప్పాలి. కొత్త కోడ్‌ల కింద నియమాలు రాసుకునే అధికారం రాష్ట్రానికి ఉంది. పనిగంటలు, గడువు, కనీస వేతనానికి తగ్గని స్టైపెండ్ కాగితం మీద ఉండాలి. గడువు ముగిశాక కొలువు ఉందో లేదో మొదటి రోజే రాసివ్వాలి.

నాలుగు. పని నేర్పమని అడిగేటప్పుడు, ఆ పని ఎవరికి అప్పగించబోతున్నారో నేర్పేవాడికి చెప్పాలి. కొత్త సాంకేతికత నేర్చుకునే మొదటి అవకాశం లోపల ఉన్నవాడిదే కావాలి.

ఇవి విప్లవాలు కావు. మనిషిని మనిషిగా లెక్కపెట్టమని అడగడమే. అయినా వీటిలో ఒక్కటి కూడా కంపెనీ దయతో రాదు, సర్కారు జాలితో రాదు. ఆ గేటు లోపల సంఘం కావాలి. ఆ సంఘంలో సీనియర్ పక్కన ఇంటర్న్ కూడా కూర్చోవాలి. సీనియర్ అన్నలకు, అక్కలకు మా మనవి: మీ పక్కన వచ్చి కూర్చున్న పిల్లను పగదానిలా చూడకండి. మీ నోటికాడి ముద్ద తీసింది ఆమె కాదు. ఆమె పళ్లెంలో కూడా ముద్ద లేదు. పని నేర్పేటప్పుడు హక్కు కూడా నేర్పండి. ఇంటర్న్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట: పక్క సీటు ఖాళీ అయితే ఎవరూ చెప్పరని ఊరుకోకండి, అడగండి. ఇవ్వాళ అడగకపోతే పన్నెండేళ్ల తర్వాత ఆ చాయ్ బండి కాడ నిలబడేది మీరే.

చాయ్ బండి కాడ ఆ సాయంత్రం జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాం. మేము మాట్లాడుతుండగానే ఆ అన్న ఫోన్ మోగింది. అవతల ఆయన పని నేర్పిన పిల్లవాడు. ఏదో నివేదిక తీయాలట, ఎట్లనో తెలియడం లేదట. సార్ ఇంటికి పంపబడ్డాడన్న సంగతి వాడికి ఇంకా తెలియదు. ఆయన ఒక్క క్షణం మా దిక్కు చూశాడు. తర్వాత చాయ్ గ్లాసు బండి మీద పెట్టి, పది నిమిషాలు ఓపికగా, ఒక్కో మెట్టూ చెప్పాడు. ఫోన్ పెట్టేశాక, "వాడు మా పక్క మండలపోడే" అన్నాడు.

నాదా తప్పు అని ఆయన అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇదే. అన్నా, తప్పు నీది కాదు, ఆ పోరడిదీ కాదు. మీ ఇద్దరినీ లెక్కలో నుంచి తీసేసినవాళ్లది. ఆ లెక్క తేలేదాకా 'నియామకాలు' అన్న మన నినాదం పూర్తయినట్టు కాదు.

జై తెలంగాణ!